ఆసుపత్రి వరండాలో 46 రోజులు



బిడ్డకు జబ్బు చేస్తే ఆ ఒక్క బిడ్డే మంచాన పడదు, ఇల్లంతా మంచాన పడుతుంది. పొయ్యి వెలిగే వేళ మారుతుంది, పెద్ద పిల్లల చదువు మారుతుంది, భార్యాభర్తల మాట తీరు మారుతుంది. చివరకు మన ప్రార్థన కూడా మారుతుంది. ఈ సంగతి మేము చదివి తెలుసుకున్నది కాదు, అనుభవించి నేర్చుకున్నది.

2016 జనవరిలో, మిరప కోతలు ముమ్మరంగా జరుగుతున్న రోజుల్లో, మాకు రెండవ సంతానంగా పాప పుట్టింది. 30 వారాలకే కాన్పు అయింది. బరువు 1 కిలో 200 గ్రాములు. 37 వారాలు నిండకముందు పుట్టితే నెలలు నిండని బిడ్డ అంటారు. మా పాప అంతకంటె ఎంతో ముందుగా వచ్చింది. అలాంటి బిడ్డకు ఊపిరితిత్తులు పూర్తిగా తయారై ఉండవు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం కలిపి చేయగల శక్తి సుమారు 34 వారాలకు గాని రాదు. అందుచేత ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, పొట్టలోనికి సన్నని పాలగొట్టం, కామెర్లకు నీలి దీపం పెట్టారు. ఎత్తుకొని ముద్దాడవలసిన బిడ్డను అద్దాల పెట్టెలో చూశాము.

అన్నిటికంటె మమ్మల్ని భయపెట్టినది మరొకటి. పాప ఉన్నట్టుండి ఊపిరి తీయడం మానేది. యంత్రం మోగేది. నర్సమ్మ వచ్చి అరికాలిని వేలితో తట్టగానే మళ్ళీ ఊపిరి తీసేది. నెలలు నిండని బిడ్డలలో ఇది తరచుగా కనబడేదేనని, మెదడు ఇంకా పక్వము కాకపోవడమే కారణమని డాక్టరుగారు చెప్పారు. కారణం తెలిసినా ఆ మోత వినబడినప్పుడెల్లా మా ప్రాణం పోయి వచ్చేది.

రెండు ముక్కలైన ఇల్లు

మా శ్రీమతి పచ్చి బాలింత. రాత్రనక పగలనక రెండు మూడు గంటలకొకసారి పాలు పిండి, శుభ్రమైన స్టీలు గిన్నెలో నర్సమ్మకు అందించేది. లోపలికి పాసు ఒక్కరికే. మేము వరండాలో చాప వేసుకొని, మందుల చీటీ వస్తే పరుగెత్తేవాళ్ళము. ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కి ఊరికి వచ్చి, ఆరాధన జరిపి, సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్ళేవాళ్ళము.

ఐదేండ్ల మా పెద్దవాడు నాయనమ్మ దగ్గర ఉన్నాడు. "చెల్లి ఎప్పుడొస్తుంది?" అని వాడు అడిగితే "రేపు" అని తప్పించుకునేవాళ్ళము. మూడవ వారానికి వాడు సరిగా అన్నం తినడం లేదని, రాత్రుళ్ళు పక్క తడుపుతున్నాడని మా అమ్మ చెప్పింది. ఒక ఆదివారం ఒడిలో కూర్చోబెట్టుకొని అడిగాము. వాడు తల వంచుకొని, "నాన్నా, చెల్లి వద్దు, తమ్ముడు కావాలి అన్నానుగా. అందుకేనా చెల్లికి అట్లా అయింది?" అన్నాడు.

ఆ పసివాడు ఇన్నాళ్ళు ఆ బరువు ఒంటరిగా మోశాడు. వాడి తప్పేమీ లేదని, చెల్లి చాలా చిన్నదిగా పుట్టిందని, ఎప్పుడు ఇంటికి వస్తుందో మాకూ తెలియదని ఉన్నది ఉన్నట్టు చెప్పాము. వాడు పలక బలపం వదిలి కాగితం మీద ఒక బొమ్మ గీసి ఇచ్చాడు. నర్సమ్మ దానిని పాప పెట్టె పక్కన గోడకు అంటించింది. తల్లిదండ్రులారా, పిల్లలకు అబద్ధం చెప్పి ఓదార్చవద్దు. మనం చెప్పని చోట వారు తమ మీదనే నేరం వేసుకుంటారు.

ప్రసంగం వద్దన్న మాట

పన్నెండవ రోజున పాపకు రక్తములో ఇన్ఫెక్షన్ వచ్చింది. ఆ రాత్రి వరండాలో మా శ్రీమతి ఏడుస్తుంటే మేము బైబిలు తెరచి, విశ్వాసమును గూర్చి చెప్పబోయాము. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకొని, "ఏమండీ, ప్రసంగం వద్దు. కాసేపు నా పక్కన కూర్చోండి" అన్నది.

ఆ మాట మమ్మల్ని గద్దించింది. రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయములో, బిడ్డను పోగొట్టుకొని వచ్చి ప్రవక్త పాదములు పట్టుకున్న షూనేమీయురాలిని గేహజీ తోసివేయబోయాడు. ఎలీషా వారించాడు. ఆమె దుఃఖ కారణమును దేవుడు తనకు తెలియజేయలేదని ప్రవక్తయై యుండి కూడా ఒప్పుకున్నాడు. మేము ఎన్నోసార్లు ఎలీషా వలె కాక గేహజీ వలె నడుచుకున్నాము.

మరునాటి సాయంత్రం మా సంఘస్థుడైన ఒక కౌలు రైతు అన్నం క్యారియరుతో వచ్చాడు. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యం కూడబెట్టి వండి పంపిన అన్నం అది. అతని ముఖం చూడగానే మాకు తల దించుకోవలసి వచ్చింది. 2013లో అతని పసిబిడ్డ చనిపోయినప్పుడు, మేము వారి గుమ్మంలో నిలిచి, "మీ విశ్వాసములో ఎక్కడ లోపమున్నదో పరీక్షించుకోండి" అన్నాము. అతడు ఆ ప్రస్తావన తేలేదు. "అయ్యగారూ, మీరు పడుకోండి. లోపలినుంచి పిలిస్తే నేను లేపుతాను" అని రాత్రంతా తలుపు దగ్గర కూర్చున్నాడు. తెల్లవారి మొదటి బస్సుకు మిరప కోతకు వెళ్ళాడు.

31వ రోజున పక్క పెట్టెలోని బిడ్డ చనిపోయింది. ఆ తల్లి కూడా మాలాగే మోకరించింది, మాకంటె ఎక్కువగా ఉపవాసమున్నది. మా బిడ్డ బ్రతకడం మా విశ్వాసమునకు బహుమానము కాదు, ఆమె బిడ్డ పోవడం ఆమె పాపమునకు శిక్ష కాదు. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో, పుట్టు గ్రుడ్డివానిని చూచి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, అతనిదీ కాదు, అతని తల్లిదండ్రులదీ కాదని ప్రభువు చెప్పాడు. ఆ వాక్యము మీద మేము ప్రసంగించాము గాని ఆ దినము వరకు దానిని నమ్మలేదు.

గుండెకు హత్తుకొని

పాప కుదుటపడిన తరువాత డాక్టరుగారు మా చొక్కా విప్పించి, బిడ్డను మా రొమ్ము మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. దీనిని కంగారూ సంరక్షణ అంటారు. 1970ల చివరిలో కొలంబియా దేశపు బొగోటా నగరంలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో దీనిని మొదలుపెట్టారు. తల్లి గాని తండ్రి గాని ఒంటి వేడిమి ఇస్తే బిడ్డ వెచ్చగా ఉంటుంది, ఊపిరి నిలకడగా ఉంటుంది, బరువు పెరుగుతుంది. తండ్రులారా, ఇది ఆడవాళ్ళ పని అని సిగ్గుపడవద్దు.

46వ రోజున 1 కిలో 850 గ్రాముల బిడ్డతో ఇంటికి వచ్చాము. ఇలాంటి బిడ్డలకు పుట్టిన నెలలోపు కంటి పరీక్ష తప్పక చేయించాలి. లేనిచో చూపు పోయే ప్రమాదమున్నది. ప్రభుత్వ ఆసుపత్రులలో జబ్బుపడిన పసిబిడ్డలకు ఉచిత వైద్యము, మందులు, రవాణా కొరకు 2011లో జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రారంభమైంది. అప్పుచేయక ముందే అడిగి తెలుసుకోండి.

సంఘస్థులకు ఒక మాట. ఆసుపత్రికి గుంపుగా వెళ్ళవద్దు. జలుబు దగ్గు ఉంటే అసలే వెళ్ళవద్దు. చేతులు సబ్బుతో కడుక్కోండి. ప్రార్థన చిన్నదిగా చేయండి. క్యారియరు పట్టుకెళ్ళండి, ఇంటి దగ్గరి పిల్లలను బడికి పంపండి, గేదెకు మేత వేయండి.

ఇంటికి వచ్చిన వారమే మేము ఆ రైతు దగ్గరకు వెళ్ళి క్షమించమని అడిగాము. "నాకు గుర్తుంది అయ్యగారూ. ఆమె కూడా మరచిపోలేదు. ఒకసారి ఆమెతో చెప్పండి" అన్నాడు. ఆమె ఎదుట నిలిచి, తప్పు మాట్లాడామని చెప్పాము. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చి, "పాప పాలు తాగుతున్నదా?" అని అడిగింది.

తాగుతున్నదని చెప్పాము. ఆ ఇంట్లో మేము ఆ దినము ప్రార్థన చేయలేదు, ఊరక కూర్చున్నాము. ప్రభువు మా మధ్య ఉన్నాడని మా నమ్మకము.