పాత ట్రాలీ అమ్మకము

కరీంనగరము నుండి రామగుండము పోవు రాజీవ్ రహదారి సుల్తానాబాదు మీదుగా సాగును. బియ్యపు మిల్లులకు వడ్లు చేరవేయు లారీల ప్రక్కన, ఇటువంటి బాటలపై, మోటారు సైకిలు వెనుక తగిలించిన చిన్న ట్రాలీలును కనబడుచుండును. ఒకదానిలో కూరగాయలు, ఒకదానిలో నీళ్ల క్యానులు, మరియొకదానిలో ప్లాస్టిక్ బిందెలు. ఇవి చాలవరకు కంపెనీలో తయారైనవి కావు. ఎవరి బేరమునకు తగినట్లు వారు వెల్డింగు దుకాణములో చేయించుకొన్నవి. బేరము మారినపుడో, యజమాని ఆటో కొన్నపుడో ట్రాలీ అమ్మకమునకు వచ్చును. కొనువాడు తరచుగా అప్పు తెచ్చి కొత్త బ్రతుకుతెరువు మొదలిడువాడు. అందుచేత ఈ చిన్న బేరములో ఇరువురకును పెద్ద నష్టమునకు తావున్నది.

ముందు ధర మాట. అమ్మువాడు తాను పెట్టిన ఇనుము, కూలి, రంగు, మూత, అరలు అన్నియు కూడి ధర చెప్పును. చేపల పెట్టె అమర్చిన ట్రాలీని బట్టల వ్యాపారి ఏమి చేసికొనును? సొంత అవసరమునకు చేయించిన మార్పుల సొమ్ము తిరిగి రాదనుకొనుటయే మేలు. ధర కట్టవలసినది ఇరుసునకు, చక్రములకు, కొక్కెమునకు.

ఎడ్లబండి తోలినవారికి ఇరుసు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వెనుక బరువు హెచ్చినచో కాడి పైకి లేచును; ముందు హెచ్చినచో ఎడ్ల మెడలపై కూర్చుండును. ట్రాలీకిని ఇదే సూత్రము. మొత్తము బరువులో సుమారు పదవ వంతు కొక్కెముపై పడునట్లు ఇరుసు ఉండుట మంచిది. బరువు వెనుకకు పోయినచో మోటారు సైకిలు వెనుక చక్రము నేలపై పట్టు కోల్పోవును. వేగము పెరిగినకొలది ట్రాలీ పామువలె ఊగును.

ఎడ్లబండికి లేని చిక్కొకటి ఇచ్చట కలదు. మోటారు సైకిలు మలుపులో ప్రక్కకు వాలును, ట్రాలీ వాలదు. కనుక కొక్కెము కుడి ఎడమలకు, పైకి క్రిందికి తిరుగుటయే కాక, తన చుట్టు తాను కూడ తిరుగవలెను. ఈ మూడవ తిరుగుడు లేనిచో బండి వాలదు, లేదా అతుకు విరుగును. దీనిని కనిపెట్టుటకు ఇంజనీరు అక్కరలేదు. ట్రాలీ తగిలించి, ఇద్దరు మనుష్యులు బండిని పట్టుకొని అటు నిటు వాల్చి చూచిన చాలును. చాల ట్రాలీలకు వేరు బ్రేకులుండవు; బండి ఆగినను వెనుక బరువు ముందుకు నెట్టుచునే యుండును. ఖాళీ ట్రాలీని లాగి చూచి సంతోషించువాడు ఏమియు చూడనట్లే.

ఇక చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము దృష్టిలో ట్రెయిలర్ కూడ ఒక మోటారు వాహనమే. సైడ్‌కారు అట్లు కాదు. అది మోటారు సైకిలులో భాగముగా లెక్కకు వచ్చును. ట్రెయిలర్‌కు వేరుగా నమోదు కావలెను. వెల్డింగు దుకాణములో పుట్టిన ట్రాలీకి చాలమారు ఆ నమోదే ఉండదు. అంతేకాదు, కొక్కెము కొరకు మోటారు సైకిలు చట్రమును కోసి అతికించినచో, ఆ బండియే మారినదగును. తయారీదారు చెప్పిన వివరములకు భిన్నముగ వాహనమును మార్చరాదని సుప్రీం కోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పినది. అదే సంవత్సరపు సవరణ చట్టము అనుమతి లేని మార్పునకు 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండును విధించినది.

కాగితములు లేని ట్రాలీని "అందరును నడుపుచున్నారు గదా" అని అంటగట్టుట న్యాయము కాదు. కొక్కెము కోసివేసి, పిడి అమర్చి, తోపుడు బండిగా అమ్మవచ్చును. ధర తగ్గును, నిజమే. కాని కొన్నవాడు మరునాడే పోలీసుల చేతికి చిక్కడు.

మోటారు సైకిలును కూడ కలిపి అమ్మువారు స్టాంపు కాగితముపై సంతకములతో పని తీరినదనుకొందురు. తీరలేదు. అమ్మినవాడు 29వ నమూనాలో, కొన్నవానితో కలిసి 30వ నమూనాలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. రాష్ట్రములోపలి అమ్మకమైనచో అమ్మినవానికి గడువు 14 దినములు, కొన్నవానికి 30 దినములు. ఫైనాన్సు అప్పుపై కొన్న బండియైనచో, ముందుగ ఆ అప్పు తీరినట్లు 35వ నమూనాలో వ్రాయించి, ఆర్.సి. నుండి ఆ పద్దు తీసివేయించుకొనవలెను. పేరు మారనిచో ఏమగును? 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ముందు వచ్చిన వ్యాజ్యములో ఒక కారు పలువురి చేతులు మారి ప్రమాదము చేసినది. రికార్డులో పేరున్న మొదటి యజమానియే పరిహారమునకు బాధ్యుడని తీర్పు. అమ్మి చాలకాలమైన బండికి అతడు జవాబు చెప్పవలసి వచ్చినది.

ఈ జిల్లాలో పాత ఏపీ 15 బండ్లు నేటికిని చేతులు మారుచున్నవి. 2014లో టీఎస్, 2024లో టీజీ వచ్చినను పాత సంఖ్యలు చెల్లును. సంఖ్య పాతదైనంత మాత్రమున బేరము చెడదు. చూడవలసినది ఆర్.సి.లోని పేరు, ఇంజను సంఖ్య, ఛాసిస్ సంఖ్య.

ట్రాలీ వెనుక లాగు బండి సంఖ్యను వ్రాయవలెనని చట్టమున్నది. అందుచేత పాత ట్రాలీల వెనుక అమ్మువాని మోటారు సైకిలు సంఖ్య రంగుతో వ్రాసియుండును. ట్రాలీ ఒక్కటే పోయి సంఖ్య దానిపై మిగిలినచో, కెమెరాకు చిక్కిన ప్రతి తప్పునకు చలానా పాతవాని పేరనే వచ్చును. కనుక డబ్బు లెక్కపెట్టుకొనుటకు ముందే ఆ అంకెలను గీకివేసి, అప్పగించిన తేదీయు వేళయు కాగితముపై వ్రాసి, ఇరువురును చేవ్రాలు చేయవలెను.