పక్క సిస్టమ్‌లోని ఫోల్డరు: ఎస్ఎంబి జీవితకథ

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల్లో నగర కేంద్ర గ్రంథాలయాన్నీ పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలనూ ఆనుకుని పెరిగిన డిటిపి సెంటర్లు, జిరాక్స్ దుకాణాలు, ప్రింటింగ్ ప్రెస్సులు చేసే పనిలో పెద్ద భాగం, ఒక సిస్టమ్‌లో ఉన్న ఫైలును మరొక సిస్టమ్ నుంచి తెరవగలగడం మీదే నడుస్తుంది. ఒక సీటులో కంపోజ్ అయిన పేజీకి మరో సీటులో ప్రూఫు దిద్దుతారు, మూడో దానికి తగిలించిన ప్రింటరు దాన్ని అచ్చు తీస్తుంది. ఈ మూడింటినీ కలిపేది షేర్ చేసిన ఫోల్డరు. దాన్ని తెరిపించే నియమావళి పేరు ఎస్ఎంబి, అంటే సర్వర్ మెసేజ్ బ్లాక్. అది మొరాయించిన రోజున పని మొత్తం ఆగిపోతుంది కనుక, అది ఎలా పుట్టి ఎలా మారిందో తెలుసుకోవడం ఆ దుకాణాలకు నేరుగా అక్కరకొచ్చే విషయం.

1980ల తొలి సంవత్సరాల్లో ఐబిఎమ్‌లో బ్యారీ ఫైగెన్‌బామ్ దీన్ని రూపొందించినప్పుడు, డాస్‌లో నడిచే ప్రోగ్రాము తన డిస్కులోని ఫైలును అడిగినట్టే పక్క యంత్రంలోని ఫైలునూ అడగగలగాలన్నదే లక్ష్యం. ప్రోగ్రాము చేసే తెరువు, చదువు, రాయి అన్న వినతులను మధ్యలో అందుకుని, సందేశాలుగా మార్చి, తీగ మీద అవతలికి పంపి, జవాబు తెచ్చి ఇవ్వడమే దాని పని. యంత్రాల పేర్ల సంగతి నెట్‌బయాస్ అనే మరో ఏర్పాటు చూసుకునేది. పేరుకు 15 అక్షరాల హద్దు అక్కడి నుంచి వచ్చిందే. 1992లో విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్ వచ్చాక ఈ సౌకర్యం చిన్న ఆఫీసులకూ అందింది. విండోస్ 2000తో ఎస్ఎంబి నెట్‌బయాస్ ఆసరా అక్కర్లేకుండా నేరుగా 445వ పోర్టు మీద నడవసాగింది. ఒకే చిరునామాకు వచ్చే సందేశాల్లో ఏది ఏ సేవకు చేరాలో చెప్పే సంఖ్యను పోర్టు అంటారు.

ఒక ఫోల్డరు తెరుచుకునే ముందు అయిదారు దశలు వరసగా గడవాలి: పేరును బట్టి చిరునామా తెలియాలి, 445వ పోర్టు పలకాలి, రెండు యంత్రాలూ ఎస్ఎంబిలో ఏ వెర్షన్‌తో మాట్లాడుకోవాలో కుదరాలి, అడిగేవారెవరో రుజువు కావాలి, ఆ పేరు గల షేర్ ఉండాలి, చివరికి ఫైలు మీద అనుమతి ఉండాలి. తెర మీద కనిపించే దోష సంఖ్య సాధారణంగా ఏ దశలో ఆగిందో చెబుతుంది కాబట్టి దాన్ని చదవకుండా మూసెయ్యడం పెద్ద నష్టం. 80070035 అన్న సంఖ్యలో చివరి 35ను పదహారు ఆధారంగా గల లెక్కలో చదివితే 53 వస్తుంది. డాస్ కాలం నుంచి నడిచి వస్తున్న ఈ 53కు అర్థం అవతలి యంత్రమే దొరకలేదని. 67 వస్తే యంత్రం దొరికింది కానీ ఆ పేరుతో షేర్ లేదు. 1326 అయితే యూజర్ నేమో పాస్‌వర్డో తప్పు. 5 అయితే అన్నీ దాటాక అనుమతి దగ్గర ఆగింది. 53 కనిపించిన చోట పాస్‌వర్డులు మార్చడమూ, 5 కనిపించిన చోట కేబుల్ ఊడదీసి పెట్టడమూ వృథా శ్రమ. 53 వచ్చినప్పుడు పేరుకు బదులు ఐపి చిరునామాతో ప్రయత్నిస్తే ఫోల్డరు తెరుచుకుంటే లోపం పేరులో ఉంది. అప్పటికీ తెరుచుకోకపోతే, రౌటర్ కొత్త చిరునామా ఇచ్చిందా, విండోస్ ఆ నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా లెక్కగట్టి ఫైర్‌వాల్‌తో తలుపు మూసిందా అన్నవి చూడాలి. 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే ఆ సిస్టమ్‌కు రౌటర్ నుంచి చిరునామాయే అందలేదన్నమాట.

అన్నిటికన్నా చిక్కైనది వెర్షన్ కుదుర్చుకునే దశ, తెలుగు డిటిపికి అది మరీ చిక్కు. పేజ్‌మేకర్ చివరి ప్రధాన వెర్షన్ 2001లో వచ్చింది; యూనికోడ్ కాని అను ఫాంట్లతో అందులో కూర్చిన పుస్తకాలు, స్టడీ మెటీరియల్ ఇప్పటికీ పునర్ముద్రణకు వస్తూనే ఉంటాయి గనుక వాటి కోసం విండోస్ ఎక్స్‌పి సిస్టమ్ ఒకటి కొన్నిచోట్ల ఇంకా మూలన ఉంటుంది. ఎక్స్‌పికి ఎస్ఎంబి తొలి వెర్షన్ ఒక్కటే వచ్చు. 2006లో విస్టాతో వచ్చిన రెండో వెర్షన్, వందకు పైబడిన ఆదేశాలను 19కి కుదించింది. 2012లో మూడోది సందేశాలను గుప్తీకరించడమూ నేర్చుకుంది. తొలి వెర్షన్ అమలులోని లోపాన్ని వాడుకుని 2017 మే 12న వానాక్రై అనే హానికర ప్రోగ్రాము ప్రపంచమంతా వ్యాపించి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. సవరణ మార్చిలోనే విడుదలైనా, వేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్తగా వేసుకునే సిస్టమ్‌లలో తొలి వెర్షన్‌ను పక్కన పెట్టేశారు. మూలనున్న ఎక్స్‌పి ఫోల్డరు కొత్త సిస్టమ్‌కు అందకపోవడానికి కారణం చాలాచోట్ల ఇదే.

గుర్తింపు దశలోనూ నియమాలు బిగిశాయి. పాస్‌వర్డ్ లేని ఖాతాను నెట్‌వర్క్ మీదుగా రానివ్వకపోవడం ఎక్స్‌పి ప్రొఫెషనల్ నాటి నుంచే ఉంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో, ప్రతి సందేశం మీదా సంతకం కోరుతుంది. ఆ సంతకానికి కావలసిన రహస్య సంఖ్య లాగిన్ వివరాల నుంచి పుడుతుంది, అతిథిగా వచ్చేవారికి అది ఉండదు, అందుకే గెస్ట్ షేర్‌లు తిరస్కరణకు గురవుతాయి. ఫోల్డరు వాడే ప్రతి మనిషికీ పాస్‌వర్డుతో ఒక ఖాతా పెట్టడమే దీనికి సరైన మందు. అనుమతులు రెండు చోట్ల ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి: షేర్ మీద ఒకటి, డిస్కులోని ఫోల్డరు మీద మరొకటి, రెండిట్లో ఏది ఎక్కువ కట్టడి చేస్తే అదే చెల్లుతుంది.

దోషం పోవాలని ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపేయడం, కొత్త సిస్టమ్‌లన్నింటిలో పాత ఎస్ఎంబిని తిరిగి తెరవడం వాడుకగా మారిన పరిష్కారాలు, రెండూ ప్రమాదకరమైనవే. ఫైర్‌వాల్‌లో ఫైల్ షేరింగ్‌కు మాత్రమే, అదీ ప్రైవేట్ నెట్‌వర్క్‌లో మాత్రమే దారి ఇస్తే సరిపోతుంది. ఎక్స్‌పి సంగతికి వస్తే, కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్, తీగ మీద వెళ్ళే సందేశాలను గమనించి 1991 చివర్లో రాయడం మొదలుపెట్టిన సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. రెండు నెట్‌వర్క్ కార్డులున్న లినక్స్ యంత్రంలో సాంబా వేసి, ఒక కార్డుకు ఎక్స్‌పి సిస్టమ్‌ను, రెండో కార్డుకు మిగతావాటిని కలిపి, పాత వెర్షన్‌ను ఎక్స్‌పి వైపు తీగ మీద మాత్రమే అనుమతిస్తే, పేజ్‌మేకర్ ఫైలు ఆ యంత్రంలోకి వచ్చి కొత్త సిస్టమ్‌లకు అందుతుంది, ఎక్స్‌పికి ఇంటర్నెట్‌తో సంబంధమే ఉండదు.