కాడుగోడిలో రెండవ మోటారు సైకిలు

కాడుగోడి ఒకనాడు బెంగుళూరునకు తూర్పున, హొసకోట త్రోవలో నున్న చిన్న పల్లె. వైట్‌ఫీల్డు పేరుగల రైలు స్టేషను సైతము నిజమునకు ఈ యూరనే యున్నది. సత్యసాయిబాబా బృందావన ఆశ్రమము మూలమున తెలుగువారి రాకపోకలు ఇచటికి పూర్వమే యేర్పడినవి. తరువాత ఐటీపీఎల్ అను సాంకేతిక సంస్థల ప్రాంగణము వచ్చి, దాని చుట్టును కార్యాలయములు పెరిగి, రాయలసీమ నుండియు, కోస్తా నుండియు, తెలంగాణము నుండియు వచ్చిన యువతీయువకులతో ఇచటి వీధులు నిండినవి. వారిలో పలువురు తమతో గొనివచ్చినది కళాశాల నాడు తండ్రి కొనియిచ్చిన నూరు సీసీల బండి. అది పెట్రోలు తక్కువ త్రాగును, ఇరుకు సందులలో దూరును, పాలకును కూరగాయలకును ఎన్నడును కాదనదు. కాని ఉద్యోగము నిలదొక్కుకొని, పెండ్లియు జరిగి, ఆదివారమునాడు భార్యతో గూడి కోలారు కొండలకో లేపాక్షికో పోయి ప్రొద్దుగూకునంతలో ఇల్లు చేరవలయునను కోరిక మొలకెత్తిన పిమ్మట, రెండవ బండిని గూర్చిన చర్చ ఆ యింట ప్రవేశించును.

ఈ చర్చ సాధారణముగ అశ్వశక్తి కడ మొదలై, రంగు కడ ముగియుచున్నది. నా యభిప్రాయమున, కాడుగోడి నివాసికి రెండవ బండిని నిర్ణయింపవలసినవి రెండు వేగములు: గంటకు 15 కిలోమీటర్లు, గంటకు 80 కిలోమీటర్లు. మొదటిది ప్రతి సాయంకాలమును రోడ్డు మనకు అనుగ్రహించునది. రెండవది చట్టము మనకు అనుమతించునది. ఈ రెండు వేగములందును నడుపువారును వెనుక కూర్చున్నవారును సుఖముగ నుండగల బండిని వెదకుకొన్నచో, తక్కిన గుణములను ఎవరి యభిరుచికి వారు విడువవచ్చును.

2023 మార్చి 25న కృష్ణరాజపురము నుండి కాడుగోడి వరకు మెట్రో రైళ్ళు ఆరంభమై, ఆ యేటి అక్టోబరు 9న నగరపు మార్గముతో కలిసినది మొదలు, మెజెస్టిక్ వైపు పోవువారికి బండి యవసరము చాల తగ్గినది. అయినను మారతహళ్ళిలోనో, బెళ్ళందూరు వైపు ఔటర్ రింగ్ రోడ్డుపైననో పని గలవారికి బండి తప్పదు. సాయంకాలము హోప్‌ఫారం కూడలిలో చిక్కిన బండి మొదటి రెండు గేర్ల నడుమనే ఊగిసలాడుచుండును. ఎడమచేతి వ్రేళ్ళు క్లచ్చును మాటిమాటికి అదిమి విడుచుచు బిగిసిపోవును. ఇంజను వేడిమి మోకాళ్ళకు సోకును. ఇట్టిచోట వలసినది గరిష్ఠ శక్తి కాదు, ఇంజను నెమ్మదిగ తిరుగుచున్నప్పుడే బండిని లాగగల బలము. దానిని టార్కు అందురు.

ఈ విషయము కొంత వివరింపదగినది. పిస్టను సిలిండరులో పైకి క్రిందికి నడచు దూరమును స్ట్రోకు అందురు. రాయల్ ఎన్‌ఫీల్డు క్లాసిక్ 350లో సిలిండరు వ్యాసము 72 మిల్లీమీటర్లు కాగా స్ట్రోకు 85.8, హోండా హైనెస్ సీబీ 350లో వ్యాసము 70, స్ట్రోకు సుమారు 90.5. ఇట్లు సన్నగను పొడవుగను నిర్మింపబడిన యింజను తక్కువ తిరుగుళ్ళలోనే తన సారమును వెలిబుచ్చును. క్లాసిక్ తన గరిష్ఠ టార్కగు 27 న్యూటన్ మీటర్లను నిమిషమునకు 4000 తిరుగుళ్ళకే యిచ్చును. హోండా 30 న్యూటన్ మీటర్లను 3000కే యిచ్చును. కపిల బావి కడ బానను లాగు ఎద్దుల నడక వీనిది: అడుగులో తొందర యుండదు, మోకు బిగి సడలదు. 2023 జులైలో మన దేశమున విడుదలయైన ట్రయంఫ్ స్పీడ్ 400 వీనికి భిన్నము. దాని సిలిండరు వ్యాసము 89, స్ట్రోకు 64. గరిష్ఠ టార్కు 37.5 న్యూటన్ మీటర్లు 6500 వద్దను, 40 అశ్వశక్తి 8000 వద్దను లభించును. అది క్రింద బలహీనమని నేననను; దాని అసలు ప్రతిభ పైమెట్టున నున్నదనియు, ఆ పైమెట్టు నెక్కుటకు చన్నసంద్ర రోడ్డుపై ఎవరికిని అవకాశము చిక్కదనియు మాత్రము చెప్పుచున్నాను. క్లచ్చు మెత్తదనము కూడ ఇంతే ముఖ్యము. అదిమినప్పుడు తేలికగ నుండు స్లిప్పర్ క్లచ్చు హైనెస్‌లో మొదటినుండియు నున్నది. ఎన్‌ఫీల్డు హంటర్ 350కి 2025లో చేర్చిరి.

ఇక 80ని గూర్చి. 2018లో కేంద్రప్రభుత్వము విధించిన పరిమితులను బట్టి, నాలుగు వరుసల విభజిత రహదారిపై మోటారు సైకిలు గరిష్ఠ వేగము 80 కిలోమీటర్లు. పురపాలక ప్రాంతములలో 60. బెంగుళూరు మైసూరు ఎక్స్‌ప్రెస్‌వేపై 2023 ఆగస్టు 1 నుండి ద్విచక్ర వాహనములను నిషేధించిరి; హొసకోట నుండి చెన్నై వైపు సాగు క్రొత్త ఎక్స్‌ప్రెస్‌వేపైనను వానికి ప్రవేశము లేదు. కావున మనకు మిగిలినవి పాత రహదారులే. నూట యేబది కిలోమీటర్ల వేగము నందుకొనగల యంత్రమునకు ధనము వెచ్చించువాడు, తాను నడువరాని త్రోవకు సుంకము చెల్లించుచున్నాడు. అట్లని నూరు సీసీల బండి చాలునా యనిన, చాలదు. 97 సీసీల స్ప్లెండరు ఇరువురిని మోసికొని, ఎదురుగాలిలో, టమాటా లారీల ప్రక్కన 80 చేరునప్పటికి తన శక్తినంతయు వెచ్చించియుండును. లారీని దాటవలసిన క్షణమున చేతిలో ఏమియు మిగులదు. 350 సీసీల బండి అదే వేగమున ఇంకను కొంత బలమును నిలువయుంచుకొని నడచును. ఆ నిలువయే దూరప్రయాణమున క్షేమము, ఆయాసము లేమి.

అయినను సుఖమును అధికముగ శాసించునది ఇంజను కాదు. కూర్చుండు చోటు, చేతులు పట్టు చోటు, పాదములుంచు చోటు: ఈ మూడింటి పరస్పర సంబంధమే వెన్నెముక భవితవ్యము. హ్యాండిలు తగ్గి, పాదములు వెనుకకు పోయిన బండిలో మేని బరువు మణికట్టులపై బడును. వేగముగ పోవునప్పుడు ఎదురుగాలి ఆ బరువును కొంత మోయును గాని, కూడలిలో నిలిచినప్పుడు మోయువారుండరు. ఎన్‌ఫీల్డు మీటియర్ వంటి క్రూజరు బండిలో పాదములు ముందునకు చాచబడియుండును. దాని సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లే యగుటచే పొట్టివారికి నేల చక్కగ నందును, తిన్నని రోడ్డుపై హాయిగ నుండును. కాని గుంత వచ్చినపుడు పాదములపై లేచి నిలుచుటకు వీలులేక, ఆ దెబ్బ తిన్నగ నడుమునకు తగులును. హొసకోట దాటి పల్లె త్రోవలకు మరలువారికి, నిటారుగ కూర్చుండజేసి, పాదములు మోకాళ్ళ క్రిందుగ నుండు బండియే ఉత్తమము. ఎన్‌ఫీల్డు హిమాలయన్ 450 గుంతల నెదుర్కొనుటలో ఘనమైనదే. కాని 825 మిల్లీమీటర్ల సీటును, 196 కిలోల బరువును దినదినము అపార్టుమెంటు నేలమాళిగలో రెండు కార్ల నడుమనుండి వెనుకకు తోయగలనా యని కొనువాడు తన్ను తాను ముందే ప్రశ్నించుకొనవలయును. క్లాసిక్ సైతము 195 కిలోలు. హంటర్, హైనెస్‌లు 181. ఇంటనున్న స్ప్లెండరు 112 మాత్రమే.

వెనుక సీటును గూర్చి మనవారు చూపు ఉపేక్ష నన్ను మిక్కిలి బాధించుచున్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 123వది, వెనుక కూర్చున్నవారికి పట్టుకొనుటకు పిడియు, పాదములుంచుటకు ఆధారమును, వస్త్రములు చక్రమున చిక్కకుండ చక్రమునకు సగము మేరకైనను కప్పును ఉండవలెనని శాసించుచున్నది. చీర కట్టుకొని ప్రక్కగ కూర్చుండు తల్లిని తలచుకొన్నచో ఈ నియమము విలువ తెలియును. అట్లయ్యు, అందము కొఱకు వెనుక సీటును పీటవలె ఇరుకుచేసి, మేడవలె పైకెత్తి, పిడిని తొలగించిన బండ్లు కాడుగోడిలో కొల్లలు. హంటర్ వెనుక స్ప్రింగులు తొలుత గట్టిగనుండి గుంతలలో ఎత్తివేయుచుండెడివి; 2025లో వానిని మార్చిరి. కొనునది ఒకరైనను, కోలారు వరకు ఆ సీటుపై కూర్చుండునది మఱియొకరు గనుక, ఆ మఱియొకరి మాటకే ఎక్కువ తూకమీయవలయును.

ఈ శ్రమకెల్ల ఫలమైన త్రోవలు మాత్రము రమణీయములు. హొసకోట మీదుగ పాత మద్రాసు రోడ్డు పట్టినచో సుమారు 50 కిలోమీటర్లలో కోలారు. ఊరి ప్రక్కనే అంతరగంగ కొండ, ఊరిలో కోలారమ్మ గుడి. ఇంకను ముందునకు పోయిన ముళబాగిలు, దాని చెంత కురుడుమలె మహాగణపతి. హొసకోట వద్ద ఉత్తరమునకు మరలి చింతామణి వైపు పోయినచో కైవారము. తెలుగునను కన్నడమునను కీర్తనలు చెప్పిన యోగి నారేయణుడు, ఆ సీమవారి వాడుకలో కైవార తాతయ్య, ఈ యూరివాడే. ఈ దారి పొడవున టీ అంగడిలో తెలుగున పలుకరించిన తెలుగుననే సమాధానము వచ్చుట, పరాయి రాష్ట్రమున నున్నామనుకొనువారికి ఆనందాశ్చర్యములను గలిగించును. ఆ త్రోవే మదనపల్లెకును, హార్స్‌లీ కొండలకును పోవును. కాని అది ఒక్కదినమునకు కొంత బరువు. లేపాక్షి బెంగుళూరు నుండి సుమారు 120 కిలోమీటర్లు. బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు కడ మరలి, వేకువన బయలుదేరినవారు ఎండ ముదురకమునుపే ఏకశిలా నందిని దర్శింపవచ్చును.

పాత యెజ్డీనో జావానో రెండవ బండిగ కొనవలెనని ముచ్చటపడువారును కలరు. ఆ ముచ్చట నాకు మిక్కిలి గౌరవనీయము. 1961లో మైసూరున జావాల నిర్మాణము మొదలై, 1996లో ఆ కర్మాగారము మూతపడువరకు, ఐడియల్ జావా బండ్లు రాయలసీమ పల్లెలలో సైతము తిరిగినవి. వాని జంట పొగగొట్టముల ధ్వని విన్నవారు మరువరు. కాని విడిభాగములకై వెదకుచు, నూనె కలిపిన పెట్రోలుతో, హోప్‌ఫారం కూడలిలో దినమును ఆ వృద్ధ యంత్రమును హింసింపరాదు. అట్టిది మూడవ బండిగ నుండవలసినది.

వ్యయమును గూర్చి రెండు మాటలు. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సీసీల లోపు బండ్లపై జీఎస్టీ 28 నుండి 18 శాతమునకు తగ్గినది. అంతకు మించిన వానిపై 40 శాతమైనది. క్లాసిక్ 349 సీసీలు, హైనెస్ 348. స్పీడ్ 400 మాత్రము 398. ఊరినుండి తెచ్చుకొన్న మొదటి బండి విషయము కూడ ఇప్పుడే చక్కబెట్టుకొనదగును: ఏపీ 39 సంఖ్యతోనో టీజీ సంఖ్యతోనో ఉన్న బండి పండ్రెండు నెలలకు మించి కర్ణాటకమున నున్నచో, మోటారు వాహన చట్టము 47వ సెక్షను ననుసరించి ఇచటి సంఖ్య తీసికొనవలయును; స్వస్థలపు రవాణా కార్యాలయమునుండి ఎన్‌ఓసీ తెచ్చి, ఇచటి జీవితకాల పన్ను చెల్లించి, అచటి పన్నులో మిగిలిన భాగమును వాపసు కోరవచ్చును. హెల్మెట్లు రెండు కొనవలయును. వెనుకవారికి సైతము 2016 జనవరి నుండి కర్ణాటకమున తప్పనిసరి చేసిరి.

దుకాణమువారు పరీక్షకై బండి నిచ్చునపుడు, ఆదివారము ఉదయము ఖాళీ రోడ్డుపై ఒక చుట్టు తిరిగి రమ్మందురు. దానికి సమ్మతింపక, పనిదినమున సాయంకాలము ఆరుగంటలకు, దినమును వెనుక కూర్చుండబోవువారిని వెంటగొని పోయి, హోప్‌ఫారం కూడలి దాటి చన్నసంద్ర వరకు నడిపి, తిరుగుదలలో వారిని ముందు దింపి, బండిని మీ నేలమాళిగ వాలుపై ఒంటరిగ వెనుకకు తోసి చూడుడు. దీనికి ఒప్పుకొనని దుకాణమును విడిచి, ఒప్పుకొను దుకాణమునకు పొండు.