సాకే చేతులకు సర్కారు గుర్తింపు

మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటివి పుట్టుకతోనో పసితనంలోనో మొదలై జీవితాంతం వెంట ఉంటాయి. ఎదుగుదలకు అడ్డుపడే ఇలాంటి వైకల్యాలకు మందు బిళ్లతో నయం లేదు. పక్కన ఉండి ఓపికగా నేర్పేవాళ్లు, చూసుకునేవాళ్లు ఉంటే మాత్రం ఆ మనిషి రోజు గడిచే తీరే మారిపోతుంది. ఆ పని చేసేవాళ్లలో మూడు తరగతులున్నాయి: చదువుకుని వచ్చిన ప్రత్యేక ఉపాధ్యాయులు, థెరపిస్టులు ఒకటి, కేంద్రాల్లో పనిచేసే ఆయాలు, సహాయకులు ఒకటి, ఇంట్లో తల్లి, నానమ్మ, అక్క ఒకటి. అధికారిక గుర్తింపు ఈ మూడింటికీ ఒక్కలా అందడం లేదు. మొదటి తరగతికి సగం అందింది, రెండో తరగతికి అంచుల దాకా వచ్చింది, మూడో తరగతికి చట్టంలో మాటగానే మిగిలింది.

పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, పాలేరు, మునేరు పారే జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. పత్తి, మిర్చి పండే నేల ఇది. పత్తి తీతకో మిరప కోతకో పోతే తల్లికి కూలి వస్తుంది. కదలలేని బిడ్డ ఇంట్లో ఉంటే ఆ కూలి పోతుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. అంతకుముందు కలెక్టరు సంతకం కోసం మెట్ట నుంచి బందరు దాకా పోవలసి వచ్చేది. ఇప్పుడు విజయవాడతో సరిపోతుంది.

ఇక్కడి కుటుంబాలకు అందుబాటులో ఉన్న ప్రభుత్వ ఆసరా భవిత కేంద్రం. సమగ్ర శిక్షా కింద మండల స్థాయిలో నడిచే ఈ కేంద్రాల్లో సాధారణంగా ఇద్దరేసి సహిత విద్య రిసోర్స్ టీచర్లు, ఒక ఆయా ఉంటారు. ఊళ్లో అందరూ వాళ్లను భవిత టీచర్లనే అంటారు. ఫిజియోథెరపిస్టు నిర్ణీత రోజున వచ్చి వెళతారు. కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్లకు టీచర్లే వెళతారు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలో, ఉపకరణాల శిబిరం ఎప్పుడో, పింఛను కాగితాలు ఎక్కడ ఇవ్వాలో ఇంటివాళ్లకు చెప్పేదీ వీళ్లే. జీతం మాత్రం కాంట్రాక్టు పద్ధతిలోది.

వాళ్లు చేసే పని చూడటానికి చిన్నది. ఒక పిల్లవాడికి నిక్కరు తొడుక్కోవడం నేర్పడాన్నే తీసుకుంటే, దాన్ని ముందుగా మెట్లుగా విడగొడతారు: కూర్చోవడం, ఒక కాలు దూర్చడం, రెండో కాలు దూర్చడం, మోకాళ్ల దాకా లాగడం, లేచి నిలబడటం, నడుము దాకా లాక్కోవడం. నేర్పడం మాత్రం చివరి మెట్టు నుంచి మొదలవుతుంది. తొడల దాకా టీచరే వేసి, ఆ పైన లాక్కోవడం పిల్లవాడికి వదిలేస్తారు. అది వచ్చాక దాని ముందు మెట్టు. అలా వెనక్కి జరుగుతూ పోతే ప్రతిసారీ పని ముగించింది తానేనన్న సంతోషం వాడికి దక్కుతుంది. వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు.

అన్నం తినిపించడం ఇంకా సున్నితమైన పని. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి ముద్ద పెడితే అది శ్వాసనాళంలోకి పోయే ప్రమాదం ఉంది. అలాంటి పిల్లలకు మాటిమాటికీ ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరడానికి ఇదొక కారణం. వీపుకు ఆనుడు ఇచ్చి కూర్చోబెట్టాలి. గడ్డం కాస్త కిందికి వంచి, మెత్తగా పిసికిన అన్నాన్ని కొద్దికొద్దిగా, ఎదుటినుంచి చెంచాతో అందించాలి. ముద్ద మింగాడో లేదో చూసుకుని మరొకటి పెట్టాలి. ఈ కిటుకు తెలిసిన ఆయా ఒక ప్రాణాన్ని కాపాడుతున్నట్టే. దీన్ని ఎవరైనా చేయగల చాకిరీగా లెక్కగట్టడంలోనే అన్యాయం మొదలవుతోంది.

దేశంలో ఈ రంగానికి చట్టబద్ధమైన గుర్తింపు తెచ్చింది 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం. ప్రత్యేక ఉపాధ్యాయులు, క్లినికల్ సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు మొదలైనవాళ్లు మండలి ఆమోదించిన కోర్సు చదివి, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలి. ఆ నంబరు లేకుండా వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నమోదును గడువులోగా నవీకరించుకోవాలి, అందుకు మధ్యలో శిక్షణలకు హాజరు కావాలి. తెలుగువారికి ఈ చదువుల పెద్ద కేంద్రం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా మొదలై, ఇప్పుడు మేధో వైకల్యంగల వ్యక్తుల సాధికారత సంస్థగా పేరు మార్చుకుంది.

రిజిస్టరులో పేరుంటే అర్హత ఉన్నట్టు. ఉద్యోగం ఉన్నట్టు కాదు. రాష్ట్రాలు పాతికేళ్లకు పైగా ఈ సంగతిని దాటవేస్తూ వచ్చాయి. ప్రత్యేక ఉపాధ్యాయులను కాంట్రాక్టు మీదనే నడిపించాయి. రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ఈ పద్ధతిని తప్పుపట్టి, పిల్లల సంఖ్యను బట్టి శాశ్వత పోస్టులు ఏర్పాటు చేయాలని ఆదేశించింది. ఆ తర్వాత కేంద్రం ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని ఖరారు చేసింది. రాష్ట్రాలు కదలకపోవడంతో 2025 మార్చి 7న కోర్టు మళ్లీ గడువు పెట్టింది. ఏళ్ల తరబడి కాంట్రాక్టులో ఉన్నవాళ్ల అర్హతలను పరిశీలించడానికి కమిటీలు వేయాలనీ చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏడాదే 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. అందులో 1,136 సెకండరీ గ్రేడ్, 1,124 స్కూల్ అసిస్టెంట్ స్థాయివి. కోర్టు మెట్లెక్కితే తప్ప ఒక పోస్టు పుట్టకపోవడం బాధ కలిగించే సంగతే అయినా, బడిలో ప్రత్యేక టీచరు అనే కొలువు అధికారికంగా నిలబడింది.

ఆయాలకు, సహాయకులకు ఆ పాటి కూడా లేదు. జాతీయ ట్రస్టు సహయోగి పథకం పేరిట సంరక్షకులకు శిక్షణ ఇస్తోంది. 2021లో కేంద్రం, పునరావాస మండలి, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం కలిసి ఆరు నెలల కోర్సు ఒకటి తెచ్చాయి. అది పూర్తి చేసి పల్లెల్లో పనిచేసేవాళ్లకు దివ్యాంగ మిత్ర అని పేరు పెట్టాయి. ఆలోచన మంచిదే. అయితే సర్టిఫికెట్ చేతికొచ్చినంత మాత్రాన మండలంలో వాళ్లకోసం పోస్టు సిద్ధంగా ఉండదు. ఆశా కార్యకర్తల అనుభవం ఇందుకు దగ్గరది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లను అంతర్జాతీయ పురస్కారంతో గౌరవించింది. అయినా ప్రభుత్వ లెక్కలో వాళ్లు ఉద్యోగులు కారు, స్వచ్ఛంద సేవకులే. సత్కారం వేరు, హోదా వేరు.

అమెరికాలోనూ ఇదే చిక్కు. అక్కడి సెనేట్ 2008లో సెప్టెంబరు నెలలో ఒక వారాన్ని వైకల్యం ఉన్నవాళ్లను చూసుకునే సహాయకుల గుర్తింపు వారంగా ప్రకటించింది. అప్పటినుంచి ఏటా సభలు, అభినందనలు సాగుతున్నాయి. ప్రభుత్వ వృత్తుల వర్గీకరణలో మాత్రం వాళ్లకు విడిగా కోడ్ లేదు, ఇళ్లలో పనిచేసే ఆరోగ్య సహాయకులతో కలిపి లెక్కిస్తారు. ఎంతమంది ఉన్నారో, ఎంత జీతం వస్తుందో విడిగా తేలకపోతే జీతం పెంచమని అడగడానికీ ఆధారం దొరకదని వాళ్ల సంఘాల వాదన. మన దగ్గర ఆయాల సంగతికీ ఆ వాదన అచ్చంగా సరిపోతుంది.

ఇక ఇంటి మనిషి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సంరక్షకులను నిర్వచించేటప్పుడు జీతం తీసుకునేవాళ్లతోపాటు జీతం లేకుండా చూసుకునే తల్లిదండ్రులను, బంధువులను కూడా చేర్చింది. అధిక ఆసరా అవసరమైన వ్యక్తులకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలు ప్రభుత్వాలు రూపొందించాలని 24వ సెక్షను చెబుతోంది. కేరళ అంతకుముందే ఆశ్వాసకిరణం పేరిట సంరక్షకులకు నెలకు కొంత మొత్తం ఇవ్వడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. ఇది మెట్ట పల్లెల్లో ఎన్నో ఇళ్లను నిలబెడుతున్న డబ్బు. అయినా అది వైకల్యం ఉన్న మనిషి తిండికి, మందులకు ఇచ్చేది. కూలి మానుకుని ఇంట్లో ఉండిపోయిన తల్లి శ్రమకు వేరుగా కట్టిన విలువ అందులో లేదు.

ఆ తల్లికి ప్రభుత్వం ఇచ్చే అధికారిక పత్రం ఒకటుంది. బిడ్డకు 18 ఏళ్లు నిండితే చట్టం దృష్టిలో తల్లిదండ్రుల సంరక్షణ హక్కు ముగుస్తుంది. అందుకని 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ప్రకారం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్న పెద్దవారికి చట్టబద్ధ సంరక్షకులను నియమించే అధికారం జిల్లా స్థాయి కమిటీకి ఉంది. అందులో కలెక్టరు సభ్యులు. తల్లిదండ్రులు గానీ బంధువులు గానీ దరఖాస్తు చేసుకోవచ్చు. నియామక పత్రం అందిన ఆరు నెలల్లోగా బిడ్డ పేర ఉన్న ఆస్తుల జాబితా కమిటీకి ఇవ్వాలి. ఏటా జమాఖర్చుల లెక్కలూ సమర్పించాలి. బాధ్యతలన్నీ చట్టం ఇంత వివరంగా రాసిపెట్టింది. ఆ బాధ్యత మోసే మనిషికి భత్యం మాత్రం అందులో లేదు. 2016 చట్టంలోని 24వ సెక్షనును రాష్ట్రం అమలు చేస్తే ఆ లోటు తీరుతుంది. అందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు.