పెదవి దాటిన మాట

“పెదవి దాటితే పృథివి దాటుతుంది” అన్నది మన పెద్దల మాట. నోటి నుండి వెలువడిన మాట ఎంత దూరం పయనిస్తుందో, ఎవరి చెవిన పడుతుందో చెప్పలేమని దాని భావం. మనిషి మనిషితో మాత్రమే మాట్లాడిన కాలంలో పుట్టిన ఈ సామెత, మనిషి యంత్రంతోనూ మాట్లాడుతున్న నేటి కాలానికి మరింతగా వర్తిస్తుంది. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని పలికిన ఒక్క వాక్యం రెప్పపాటులో సముద్రాలు దాటి, ఎక్కడో ఉన్న మరొక యంత్రాన్ని చేరగలదు. ఆ మాటను గడప దాటనివ్వకుండానే పని జరిపించుకోవడం సాధ్యమా?

మన మాటను విని, దానికి తగిన పనిని చేసిపెట్టే సాఫ్ట్‌వేరును వాయిస్ అసిస్టెంట్ అంటారు. తెలుగులో దానిని స్వర సహాయకం అనవచ్చు. దాని పని నాలుగు దశలలో సాగుతుంది. మొదటిది మేల్కొనడం. తనకు పెట్టిన పేరు వినబడేంత వరకు అది కొద్ది క్షణాల శబ్దాన్ని మాత్రమే గమనిస్తూ, ఎప్పటికప్పుడు విడిచిపెడుతూ ఉంటుంది. రెండవది, విన్న మాటను అక్షరాలుగా మార్చడం. మూడవది, ఆ వాక్యంలోని ఉద్దేశాన్ని గ్రహించి పని నెరవేర్చడం. నాలుగవది, సమాధానాన్ని పైకి పలకడం. చేతులు కదపలేని వారికి, చూపు లేని వారికి ఈ సాధనం విలాసవస్తువు కాదు. చదువుకు, ఉద్యోగానికి ఆధారం. వైద్యునికి రాసే లేఖ మొదలుకొని బ్యాంకు వ్యవహారం వరకు వారు ఎన్నో విషయాలను దానికి చెప్పుకోవలసి వస్తుంది. కనుక ఆ వినే చెవి ఎవరిదన్న ప్రశ్న వారికి మరీ ముఖ్యమైనది.

ఈ దశలలో రెండవది చాలా కష్టమైనది. అందుకు ఎంతో గణనశక్తి కావాలి. ఆ కారణంగానే పెద్ద సంస్థలు వినియోగదారుల మాటలను ఇంటర్నెట్ ద్వారా తమ సర్వర్లకు రప్పించుకునే పద్ధతిని అనుసరించాయి. అలా నమోదైన మాటలలో కొన్నింటిని, గుర్తింపును మెరుగుపరచడం కోసం మనుషులు కూడా వింటున్నారని 2019లో పత్రికలు వెల్లడించాయి. అమెజాన్, గూగుల్, ఆపిల్ సంస్థల సహాయకాలు ఈ వార్తలలోకి ఎక్కాయి. ఎవరూ పిలవకపోయినా పొరపాటున మేల్కొని నమోదు చేసిన సంభాషణలు సైతం వాటిలో ఉండడం ప్రజలను కలవరపరచింది. అంతకు ముందే, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులతో కూడిన మన సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. అయితే హక్కు ఉంటే చాలదు. దానిని నిలుపుకొనే సాధనం కూడా ఉండాలి.

అటువంటి సాధనాన్ని నిర్మించడానికి పూనుకున్న వారిలో మైక్రాఫ్ట్ సంస్థను ముందుగా చెప్పుకోవాలి. అది 2015లో అమెరికాలో ప్రారంభమైంది. 1966లో వెలువడిన ఒక విజ్ఞాన కల్పనా నవలలోని కంప్యూటరు పేరునే దీనికి పెట్టారు. లినక్స్ ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటర్లలోనూ, అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెరీ పై వంటి యంత్రాలలోనూ ఇది పనిచేసేది. దీని సోర్స్ కోడును అందరికీ అందుబాటులో ఉంచారు. వంటింట్లోకి వెళ్లి చూసే వీలున్నప్పుడు వడ్డించిన దానిలో ఏమి కలిపారో అడగనక్కరలేదు. అలాగే సోర్స్ కోడు బహిరంగంగా ఉన్నప్పుడు, ఆ సాఫ్ట్‌వేరు ఏమి వింటున్నదో, ఎక్కడికి పంపుతున్నదో తెలిసినవారు స్వయంగా పరీక్షించగలరు.

అయినప్పటికీ మైక్రాఫ్ట్‌కు ఒక లోటు ఉండేది. మాటను అక్షరాలుగా మార్చడానికి అది మొదట్లో గూగుల్ సేవపైనే ఆధారపడింది. ఎవరి మాటో తెలియకుండా తన సర్వరు ద్వారా పంపినా, మాట మాత్రం గడప దాటక తప్పలేదు. కోడు బహిరంగమైనంత మాత్రాన గోప్యత సిద్ధించదని దీనివల్ల తెలుస్తుంది. తరువాత ఆర్థిక ఇబ్బందులలో చిక్కుకున్న ఆ సంస్థ, ముందుగా సొమ్ము చెల్లించిన వారందరికీ పరికరాలు అందించలేమని 2023లో ప్రకటించింది. సాధారణంగా సంస్థ మూతపడితే దాని సాఫ్ట్‌వేరు కూడా మరుగున పడుతుంది. ఇక్కడ అలా జరగలేదు. కోడు అందరిదీ కావడంతో స్వచ్ఛంద కార్యకర్తలు దానిని ఓపెన్ వాయిస్ ఓఎస్ అన్న పేరుతో ముందుకు నడిపించారు.

ఈలోగా రెండవ దశలోని లోటు కూడా తీరుతూ వచ్చింది. వోస్క్ అనే ప్రోగ్రాం ఇంటర్నెట్ లేకుండానే మాటను గుర్తించగలదు. 2022లో ఓపెన్ఏఐ సంస్థ విడుదల చేసిన విస్పర్ 6,80,000 గంటల ధ్వనితో శిక్షణ పొందింది. దీనిని మన కంప్యూటరులోనే నడుపుకోవచ్చు. సమాధానాన్ని పలకడానికి ఈస్పీక్ ఎన్‌జీ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వీటిని జతపరచుకుంటే నాలుగు దశలూ ఇంటిలోనే పూర్తవుతాయి. వాతావరణం వంటి సమాచారం అడిగినప్పుడు ప్రశ్న బయటికి వెళ్లక తప్పదు. కాని మన కంఠస్వరం వెళ్లదు. ఇందులో కష్టం లేకపోలేదు. అమర్చుకోవడానికి ఓపిక కావాలి. పాత కంప్యూటర్లలో సమాధానం ఆలస్యమవుతుంది.

తెలుగువారికి మరొక సమస్య ఉన్నది. యంత్రం తాను విన్న భాషనే నేర్చుకుంటుంది. ఇంగ్లీషు ధ్వని విస్తారంగా లభించడం వల్ల దానిని బాగా గుర్తించే విస్పర్, తెలుగు వినేటప్పుడు ఎక్కువగా తడబడుతుంది. రాయలసీమ, తెలంగాణ, ఉత్తరాంధ్ర పలుకుబడులన్నీ వినకుండా యంత్రం వాటిని గుర్తుపట్టజాలదు. ఈ లోటు తీర్చడానికి హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ప్రజల నుండి తెలుగు ధ్వనిని సేకరించింది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం తెలుగుతో సహా భారతీయ భాషలకు స్వేచ్ఛా నమూనాలను రూపొందించింది. ప్రజలు తమకు తాముగా స్వరాన్ని దానం చేసే కామన్ వాయిస్ పథకాన్ని మొజిల్లా 2017లో ప్రారంభించింది.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. గోప్యతను కాపాడే యంత్రం తయారుకావాలంటే కొందరు తమ స్వరాన్ని ఇష్టపూర్వకంగా బయటికి ఇవ్వవలసి ఉంటుంది. తెలిసి ఇచ్చినది దానం. తెలియకుండా తీసుకున్నది అపహరణ. ఆ భేదాన్ని గుర్తించి, మన మాటపై అధికారం మనకే ఉండాలని కోరుకోవడం నేటి విద్యావంతుల కర్తవ్యం. పెదవి దాటిన మాట పృథివి దాటాలో, గడప లోపలే ఆగాలో నిర్ణయించవలసినది ఆ మాట పలికిన మనిషే కాని, విన్న యంత్రం కాదు.