పాత కారుకి కొత్త తాళం

బీరువా తాళంచెవి కనబడకపోతే ఇల్లంతా తిరగేసే మనం, కారు తాళాల సంగతి మాత్రం 'అది మగవాళ్ళ వ్యవహారం' అని వదిలేస్తాం. పాత కార్లున్న ఇళ్ళలో తలుపుకొక చెవి, డిక్కీకొకటి, ఇంజను స్టార్టు చేయడానికి ఇంకొకటి. ఏది దేనికో ఇంటాయనకే తెలుసు. మరి ఆయన లేని రోజున?

మా అత్తగారికి ఎదురైన ప్రశ్న ఇదే. మామగారు పోయాక ఆయన 1972 నాటి అంబాసిడర్ రెండేళ్ళు షెడ్డులోనే ఉండిపోయింది. తలుపు తాళం తిరగదు. "తయారీయే 2014లో ఆగిపోయింది, ఇంక తాళాలెక్కడ దొరుకుతాయి? తుక్కుకి ఇచ్చేయండి" అన్నారు బంధువులు. "తాళం పాడైతే ఇల్లు అమ్ముకుంటామా?" అన్నారావిడ. అంతే, తాళాలు బాగుచేసే అతన్ని ఇంటికే పిలిపించాం.

పక్కన కూర్చుని చూస్తే ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు. చెవి దూరే గుండ్రటి భాగమే సిలిండరు. దాన్లో స్ప్రింగుల మీద సన్నటి ఇత్తడి రేకులుంటాయి. చెవి మీది ఎత్తుపల్లాలు ఆ రేకులన్నిటినీ సిలిండరు అంచుకి సమంగా తెస్తేనే తాళం తిరుగుతుంది. ఏళ్ళతరబడి వాడితే రేకులూ అరుగుతాయి, చెవీ అరుగుతుంది. అందుకే అరిగిన చెవికి నకలు తీయించకూడదు. ఆ అరుగుదల నకలులోకీ వచ్చేస్తుంది. వాడకుండా దాచిన రెండో చెవిని బట్టి చేయించాలి. అది లేకపోతే చెవి మీదో, తాళం మీదో నంబరుందేమో చూడాలి. మాకు రెండో చెవి అత్తయ్య పాత ట్రంకుపెట్టెలో దొరికింది.

కొత్త సిలిండరు కొంటే దాని చెవి దానితోనే వస్తుంది. అలా కొంటూ పోతే గుత్తి బరువు పెరగడమే! ఉన్న చెవే పనిచేయాలంటే, కొత్త సిలిండరులోని రేకులు తీసి, ఆ చెవికి సరిపడేవి వరసగా అమర్చాలి. అయితే చెవి గాడి, సిలిండరు పొడవు, వెనకాల తోక కుదరాలి. అందుకే కొత్తది బిగించేదాకా పాతది పారేయొద్దు. కొలతకీ, రేకులకీ పనికొస్తుంది. మా కారుకి గాడి ఒకటే కావడంతో ఇప్పుడు తలుపుకీ డిక్కీకీ ఒకటే చెవి. అది అత్తయ్య బొడ్డునున్న గుత్తిలో చేరింది. కారు తీయాలంటే మావారైనా ఆవిడనే అడగాలి!

కొన్ని జాగ్రత్తలు చెప్పనా? తాళంలో నూనె పోయకండి, దుమ్ము చేరి జిగటగా తయారవుతుంది. గ్రాఫైట్ పొడి కాస్త వేస్తే చాలు. పని మన కళ్ళెదుటే చేయించుకోవాలి. కొత్త సిలిండరు బిగించాక తలుపు తెరిచి ఉంచే నాలుగుసార్లు తిప్పి చూడండి. మూసేశాక మొరాయిస్తే తిప్పలు మనవే.

ఈ ఆదివారం మీ ఇంటి గుత్తి ముందేసుకుని, ఏ చెవి దేనిదో చీటీలు కట్టి పెట్టండి. ఎప్పుడో ఒకప్పుడు అది మీకే అక్కరకొస్తుంది.