సెకనుకు ఎన్ని బొమ్మలు?

మా ఆదివారపు తెలుగు తరగతికి ఒక కుర్రవాడు చేతిలో పట్టుకుని ఆడే గేము యంత్రం తెచ్చాడు. "మాస్టారూ, ఇందులో బొమ్మ తూలుతోంది. ఒకసారి అరవై ఫ్రేములు, మరోసారి ముప్పయి. నూట ఇరవై ఇచ్చే కొత్తది కొనమని నాన్నగారిని అడుగుతున్నాను" అన్నాడు. ఆ కొత్తదాని ఖరీదు రెండు వేల రింగిట్లకు పైమాటే. తండ్రి రాత్రి షిఫ్టుల మనిషి. "సినిమాకు ఇరవైనాలుగే చాలు, అంతకు మించి కంటికి తెలియదు" అని వాణ్ణి కసిరాను. ఇంటికి పోయి చదివి చూస్తే తప్పు నాదేనని తేలింది. తప్పు చెప్పిన ఉపాధ్యాయుడే దాన్ని దిద్దాలి గదా!

కొద్దికొద్దిగా మారిన నిశ్చల చిత్రాలు వెంటవెంట కనబడితే మన మెదడు వాటిని కదలికగా గ్రహిస్తుంది. ఒక్కొక్క చిత్రం ఒక ఫ్రేము. సెకనుకు ఎన్ని ఫ్రేములన్నదే ఫ్రేము రేటు.

నా చిన్నతనంలో ఎస్టేటు మైదానంలో తెల్లగుడ్డ కట్టి సినిమా వేసేవారు. ప్రొజెక్టరు సెకనుకు 24 ఫ్రేములు నడుపుతూ, తెర మినుకుమనకుండా ఒక్కొక్కదాన్ని రెండు మూడుసార్లు వెలిగించేది. పైగా కెమెరా తీసిన ఫ్రేములో పరుగెత్తే మనిషి కాలు కొంచెం అలుక్కుపోయి పడుతుంది. ఆ అలుకుడే కదలికను నునుపు చేస్తుంది. గేములో ప్రతి ఫ్రేమునూ యంత్రం అప్పటికప్పుడు గీస్తుంది. అన్నిటికన్న ముఖ్యం, సినిమాను చూస్తాం, గేమును ఆడతాం. మీట నొక్కిన ఫలితం తరువాత వచ్చే ఫ్రేములోనే కనబడాలి. 30 దగ్గర ఒక్కో ఫ్రేము సుమారు 33 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 60 దగ్గర 17. ఆ తేడా వేలికి తెలుస్తుంది. 1989 నాటి గేమ్‌బాయ్ తెర సైతం సెకనుకు దాదాపు 60 సార్లు మారేది.

అయితే డబ్బా మీది అంకె సంగతి వేరు. అది తెర సామర్థ్యం, గేము వేగం కాదు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ తెర 60 సార్లు మారగలదు. కాని దానితోపాటు వచ్చిన జెల్డా గేము గీసేది 30 ఫ్రేములే. 2025 నాటి స్విచ్ 2 తెర 120 వరకు పోగలదు, అన్ని గేములూ పోవు. కారణం బ్యాటరీ, వేడి. 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌లోని ముఖ్యమైన చిప్పు వాడేది గరిష్ఠంగా 15 వాట్లు. మన సీలింగ్ ఫ్యానుకే అంతకు కొన్ని రెట్లు కావాలి!

ఇక తూలడం ఎందుకు? రామ భజన మందిరంలో తాళం విన్నవారికి ఇది సులువుగా తెలుస్తుంది. విలంబంగా వేసినా బాగుంటుంది, త్వరగా వేసినా బాగుంటుంది. మధ్యలో తప్పితేనే భజన చెడుతుంది. 60 సార్లు మారే తెర మీద 30 ఫ్రేములు వస్తే ప్రతిదీ సరిగ్గా రెండు మార్లు నిలుస్తుంది. 40 వస్తే ఒకటి రెండు మార్లు, ఇంకొకటి ఒక్క మారు నిలుస్తుంది. అదే తూలడం. తెరనే 40కి దించగల యంత్రంలో ప్రతి ఫ్రేమూ సమంగా 25 మిల్లీసెకన్లు ఉంటుంది. అది 30కీ 60కీ కాలంలో సరిగ్గా నడిమి. బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది.

మరుసటి ఆదివారం తరగతి అందరి ముందూ "నీ కన్ను చెప్పిందే నిజం, నేను చెప్పింది తప్పు" అని ఒప్పుకున్నాను. తరువాత ఇద్దరం కూర్చుని సెట్టింగులు తెరిచాం. నీడలు, దూరపు చెట్ల వివరాలు తగ్గించి, తెరనూ ఫ్రేములనూ 40 దగ్గర కట్టేశాం. వాడు పది నిమిషాలు ఆడి, "తూలడం లేదు మాస్టారూ" అన్నాడు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లలు అంకెలు చెప్పినప్పుడు నాలాగా కసరకండి, వెంటనే డబ్బూ తీయకండి. ఏ గేము, ఎన్ని ఫ్రేములు, నిలకడగా వస్తున్నాయా అని అడగండి. జవాబు చాలాసార్లు ఇంట్లో ఉన్న యంత్రంలోనే దొరుకుతుంది.